మీ ఇంటిపేరేటమ్మా?

పోయిన సంక్రాంతికి విజయనగరం దగ్గర మా ఊరికి ఒకావిడ వచ్చారు. వాళ్లది దక్షిణాఫ్రికాలోని డర్బన్. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వచ్చారు గానీ తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. రిటైరైన టీచర్ని కదా, ఇంగ్లీషులో మాట్లాడతానని నన్ను పిలిపించారు.

ఆవిడ చేతిలో ఒక జిరాక్స్ కాగితం ఉంది. వాళ్ల ముత్తవ్వ మద్రాసులో ఓడ ఎక్కినప్పటి వివరాలట. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఆఖరికి ఒంటిమీద మచ్చ ఎక్కడుందో కూడా రాసి ఉంది. రావిచెట్టు కింద చేరిన పెద్దవాళ్లంతా ఆవిణ్ణి అడిగింది మాత్రం ఒకటే ప్రశ్న.

"మీ ఇంటిపేరేటమ్మా?"

ఆ కాగితంలో లేనిది అదొక్కటే!

1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా మనదేశం నుంచి నటాల్‌కు వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, ఎక్కువమందికి చెరకు తోటల్లో చాకిరీ. మగవాళ్లకు నెలకు పది షిల్లింగులు, ఆడవాళ్లకు అందులో సగం. అక్కడా సగమే చూడండి!

ఆ ఓడల జాబితాల్లో ఇంటిపేరుకు గడి లేదు. దాంతో కొన్ని కుటుంబాల్లో తాతగారి పేరే ఇంటిపేరైపోయింది. తెలుగువాళ్లం ఇంటిపేరుతోనే మనుషుల్ని పోల్చుకుంటాం. అది పోయాక వాళ్లకు మిగిలిన ఆధారం ఊరి పేరు. దాన్నేమో గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. పైగా జిల్లాలు మారిపోయాయి. అప్పటి విశాఖపట్నం జిల్లా ఊరు ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనో, విజయనగరం జిల్లాలోనో ఉండొచ్చు. గంజాం 1936లో ఒరిస్సాకు పోయింది. కాగితంలో ఉత్తర ఆర్కాటు అని ఉంటే, ఆ ఊరు ఇవాళ మన చిత్తూరు వైపు ఉండొచ్చు. ఇవన్నీ తెలియక ఎంతమంది తిరిగి తిరిగి వెనక్కి వెళ్లిపోయారో!

అయినా వాళ్ల వైపు కాగితాలున్నాయి. డర్బన్‌లో క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి కేంద్రం ఓడల జాబితాలను భద్రపరిచింది. మారిషస్‌లో మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోనైతే వలస వచ్చినవాళ్ల ఫొటోలు కూడా ఉన్నాయి. మరి మన వైపు ఏమున్నాయి?

కాగితం నేను చదివి చెబుతుంటే, ఒక పెద్దాయన గొంతు తగ్గించి, "ఆడకూతురు ఒక్కర్తీ ఓడెక్కిందా?" అన్నాడు. అందరూ తలోవైపు చూశారు. మొగుడు పోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, ఆకలికి తట్టుకోలేనివాళ్లు ఒంటరిగా వెళ్లిన సందర్భాలున్నాయి. మగవాడు వెళితే 'పొట్టకూటికి వెళ్లాడు' అన్నాం. ఆడది వెళితే 'లేచిపోయింది' అన్నాం.

అంతా వెళ్లిపోయాక ఒక ముసలామె నా పక్కన కూర్చుని చెప్పింది. "మా అత్తోరింట ఎప్పుడో ఒక పిల్ల అలాగే ఎలిపోనాదట. ఆ పిల్ల పేరు మాత్రం ఎవుల్నీ తలవనిచ్చీవోరు కారు."

ఆ పిల్లా, ఈ కాగితంలో ఉన్న మనిషీ ఒకరేనా? చెప్పడానికి ఆధారం లేదు. పేరు చెరిపేసింది సముద్రం కాదు, మనం.

వెళ్లేముందు డర్బన్ ఆవిడ మాటవరసకు అడిగారు, "మీ ముత్తవ్వ పేరేమిటి?" అని. నా నోట మాట రాలేదు. మా మామగారు రాయించిన వంశవృక్షం ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది. తొమ్మిది తరాల మగవాళ్లున్నారు. పుట్టిన ఆడపిల్లలు లేరు. వచ్చిన కోడళ్లు ఏ ఊరి వాళ్లో, పుట్టింటి ఇంటిపేరేమిటో లేదు. కూలీగా వెళ్లిన మనిషి ఒంటిమీద మచ్చ తెల్లదొర పుస్తకంలో ఉంది. ఇంటిపట్టున ఉండి పదిమందిని కన్న మా ముత్తవ్వ పేరు మా ఇంట్లోనే లేదు. సిగ్గనిపించింది.

ఆ రాత్రే మా అమ్మకు ఫోను చేశాను. "ఇప్పుడెందుకే అవన్నీ?" అంటూనే గంటసేపు చెప్పింది. వాళ్ల అమ్మమ్మను అందరూ బుల్లెమ్మ అనేవారట. అసలు పేరు ఎవరూ పిలవగా వినలేదట. ఆవిడ పుట్టింటి ఇంటిపేరు మాత్రం గుర్తుంది.

మీరూ ఒక నోటుబుక్కు తీయండి. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ల అమ్మలు. ఒక్కొక్కరికీ పేరు, పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు రాయండి. మీ ఇంట్లోంచి రంగూన్‌కో, నటాల్‌కో, మారిషస్‌కో, ఫిజీకో ఎవరైనా వెళ్లారని వినివుంటే, అది పరువు తక్కువ అనుకోకుండా అదీ రాయండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే రాయండి.

నా పుస్తకంలో చివరి వరస ఆ ముసలామె చెప్పిన పిల్లది. పేరు గడి ఖాళీగా ఉంచి, పక్కన ఇంటిపేరూ, ఊరూ రాశాను. వెతుక్కుంటూ ఎవరైనా వస్తే, ఈసారి చెప్పడానికి మా దగ్గర ఆ మాత్రమైనా ఉంటుంది.