మండి పళ్లానికి కులగోత్రాలు అడిగేవాళ్లకు

నిజామాబాద్‌లో ఎవరైనా కొత్త రకం తిండి గురించి నోరు విప్పితే చాలు, పక్కనున్న పెద్దమనిషి తీర్పు సిద్ధంగా పెట్టుకుని ఉంటాడు. "ఇదేం మండి? అసలు మండి తినాలంటే హైదరాబాద్ పోవాలె." సరేనని హైదరాబాద్ పోతే అక్కడి పెద్దమనిషి అసలుది యెమెన్‌లో తప్ప దొరకదంటాడు. నూడుల్స్ దగ్గరా ఇదే తంతు, థాయి కూర దగ్గరా ఇదే. బ్యాంకాక్ ప్యాకేజీ టూర్లు పెరిగిన పుణ్యాన, నాలుగు రాత్రులు అక్కడ పడుకుని వచ్చిన ప్రతివాడూ థాయి వంటకు పీఠాధిపతి అయి కూర్చున్నాడు. మన ఊళ్లో చవకగా దొరికేదంతా నకలనీ, అసలు రుచి ఎక్కడో దూరాన ఉంటుందనీ, దగ్గరలో ఉంటే బాగా ఖరీదై ఉంటుందనీ చదువుకున్న మధ్యతరగతి గట్టిగా నమ్ముతోంది. దానికి జోడీగా ఇంకో ఫిర్యాదు: ఈ మండి హోటళ్లు, చైనీస్ బండ్లు కలిసి మన తిండిని మింగేస్తున్నాయట.

ఒకే మనిషి ఈ రెండు మాటలూ ఒకే పూట అనగలడు. మొదటి మాట ప్రకారం ఆ పళ్లెంలో పరాయితనం చాలలేదు. రెండో మాట ప్రకారం ఎక్కువైంది. రెండింటినీ విడివిడిగా ఖండించవచ్చు గాని, రెంటికీ వేరు ఒకటే కాబట్టి అక్కడికే వస్తాను.

ముందు థాయి వంట సంగతి చూద్దాం, 'అసలు' అన్న ముద్రకు బాగా గిరాకీ ఉన్న వంట కాబట్టి. ప్రపంచమంతా థాయిలాండ్‌కు గుర్తుగా తినే పాడ్ థాయి ఏ అమ్మమ్మల కాలం నాటిదో కాదు. సయాం పేరును 1939లో థాయిలాండ్‌గా మార్చిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం, జాతీయ భావం పెంచే పనిలో భాగంగా ఆ రోజుల్లోనే జనంలోకి తెచ్చిన వంటకం అది. అందులోని నూడుల్స్, వాటిని పెద్ద మంట మీద వేపే తీరు చైనా నుంచి వలస వచ్చినవాళ్లవి. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసు ఓడలతో ఆసియాకు వచ్చింది. మన వరంగల్ మిర్చి పూర్వీకులూ అదే ఓడ దిగారు. యాలకులూ దాల్చినచెక్కా వేసే మస్సమన్ కూర వెనక ముస్లిం వర్తకుల వంటిళ్లున్నాయి. ఇక 2002లో థాయి ప్రభుత్వం 'గ్లోబల్ థాయి' అనే పథకం పెట్టి, విదేశాల్లో థాయి హోటళ్లు పెరిగేలా వంటవాళ్లకు శిక్షణా, పెట్టుబడిదారులకు ఊతమూ ఇచ్చింది. తర్వాత 'థాయి సెలెక్ట్' అనే ధ్రువపత్రం కూడా వచ్చింది. ఇచ్చేది వాణిజ్య మంత్రిత్వ శాఖ. అసలుదనం ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్లకు ఒక చిరునామా ఇదీ.

ఇంకో ముచ్చట. హైదరాబాద్‌లో ఖరీదైన చోట థాయి కూర, అన్నం తెప్పించుకుని, అసలు పద్ధతిలో తినాలని చాప్‌స్టిక్ పుల్లలు అడిగే మహానుభావులున్నారు. థాయిలాండ్‌లో అన్నం తినేది చెంచా, ఫోర్కుతో. ఈశాన్యపు పల్లెల్లోనైతే జిగురు అన్నాన్ని చేత్తోనే ముద్ద చేసి కూరలో అద్దుకుంటారు. మన బోధన్ రైతు వాళ్ల మధ్య కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. పుల్లలు అడిగిన పెద్దమనిషినే వింతగా చూస్తారు.

ఆ ఈశాన్య ప్రాంతం పేరు ఈసాన్. "చవకగా అసలైన థాయి తిండి దొరికింది" అని దేశాలు తిరిగే తిండిప్రియులు మురిసిపోయే చోట్ల సగం వంటకాలు అక్కడివే. పచ్చి బొప్పాయి తురుమును మిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం, పులియబెట్టిన చేపల రసంతో రోట్లో దంచితే సోమ్ తమ్. కైమాలో వేయించి దంచిన బియ్యప్పొడి కలిపితే లాబ్. ఇవి రాజుల కోటల్లో పుట్టినవి కావు. లావో యాస మాట్లాడే జనం, వాన మీద ఆధారపడ్డ సేద్యం, చాలని దిగుబడి ఉన్న నేల అది. 1960ల నుంచీ అక్కడి యువకులు బ్యాంకాక్‌కు టాక్సీలు తోలడానికీ, కట్టడాల దగ్గర కూలికీ పోయారు. వాళ్ల వెంట రోలూ రోకలీ పోయాయి. ఆ చేపల రసం వాసనకు రాజధాని పెద్దలు ముక్కు మూసుకున్నారు. ఇవాళ అదే రోటి పచ్చడిని లాస్ ఏంజిలిస్‌లో తెల్లవాళ్లు వరుస కట్టి తింటున్నారు. అక్కడ 1999లో ఒక పేటకు 'థాయి టౌన్' అని అధికారికంగా పేరు కూడా పెట్టారు.

థాయిలాండ్‌లో చెరకు ఎక్కువగా పండేదీ ఆ ఈసాన్‌లోనే. గల్ఫ్‌కు పోయిన థాయి కూలీల్లో చాలామంది కూడా అక్కడివాళ్లే. 1980లలో సౌదీలో లక్షకు పైగా థాయి కార్మికులుండేవాళ్లు. 1989లో ఒక థాయి పనివాడు ఒక రాకుమారుడి భవనంలో నగలు దొంగిలించాడు. ఆ గొడవ ముదిరి సౌదీ థాయి కూలీలకు వీసాలు ఆపేసింది. ఆ రెండు దేశాల మధ్య సంబంధాలు మళ్లీ పూర్తిగా కుదురుకునేసరికి 2022 వచ్చింది. ఒక్కడి చేతివాటంతో మొదలైన గొడవకు అన్ని ఇళ్ల పొయ్యిలు చల్లారాయి. వీసా ఆగిపోతే ఇంట్లో ఏమవుతుందో ఆర్మూరు, భీంగల్, బాల్కొండ పల్లెలకు ఎవరూ వివరించక్కర్లేదు. చెరకూ, ఎండిన మెట్టా, దుబాయి అప్పూ కలిసిన బతుకు మనకూ తెలిసిందే.

ఇప్పుడు మండికి వద్దాం. పుట్టిల్లు యెమెన్‌లోని హద్రమౌత్. నేలలో గొయ్యి తవ్వి, అడుగున నిప్పులు పరిచి, బియ్యం గిన్నె మీద మాంసం వేలాడేసి, మూత మట్టితో మూసి ఉడికిస్తారు. కొవ్వు బొట్టుబొట్టుగా అన్నంలోకి దిగుతుంది. నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన హద్రమౌత్ అరబ్బుల సంతతి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడింది కాబట్టి మండికి తెలంగాణలో ఒక పాత బంధుత్వం ఉంది. రెండో దారి మనవాళ్లది. రియాద్, దమ్మామ్, షార్జా కూలీల క్యాంపుల్లో ఒక గదిలో ఎనిమిది మందితో, పది మందితో సర్దుకున్నవాళ్లు, జీతం వచ్చిన వారం ఒక పెద్ద పళ్లెం కబ్సానో మండినో తెచ్చుకుని చుట్టూ కూర్చుని తిన్నారు. అక్కడి వంటశాలల్లో పని చేసినవాళ్లూ ఉన్నారు. తిరిగొచ్చాక చేతిలో ఉన్న పని అదే. దాని కోసం నిజామాబాద్ బస్టాండు వైపో బోధన్ రోడ్డు వైపో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, పరుపులు పరిచి, బోర్డు పెట్టారు.

ఇక్కడి మండి మారలేదని నేను అనడం లేదు. నేలలో గొయ్యి లేదు, గ్యాసు పొయ్యి మీద బగోనా ఉంది. మాంసాన్ని వేరుగా ఉడికించి, అడిగినవాళ్లకు పైన వేయించి 'ఫ్రై' అంటారు, అలాగే ఇస్తే 'జ్యూసీ' అంటారు. మిర్చి మనకు తగ్గట్టు పడుతుంది. అయితే ఏమిటి? ఏళ్ల తరబడి అక్కడ రోజూ తిని, వండి వచ్చిన మనిషికి బియ్యం ఎప్పుడు దించాలో తెలుసు. ఆ రుచి అతని జీవితంలో భాగం. నాలుగు రాత్రుల ప్యాకేజీ వీరుడు వచ్చి అతనికి పాఠం చెప్పడం నాకు మింగుడుపడదు. ఈసాన్ కూలీ వెంట బ్యాంకాక్ వెళ్లిన తిండి 'అసలు' అయితే, ఆర్మూరు కూలీ వెంట గల్ఫ్ నుంచి వచ్చిన తిండి ఎందుకు నకలవుతుంది? తేడా ఒక్కటే. మొదటిదాన్ని మనం దూరం నుంచి చూస్తున్నాం. రెండోదాన్ని వండేవాడు మన పక్కింటివాడు, మనం లెక్కలోకి తీసుకోని మనిషి.

పైగా మండి హోటల్‌కు మరో గుణం ఉంది. రుచి గురించి వాదించేవాళ్లు దాన్ని గమనించరు. నలుగురు కలిసి ఒక పెద్ద పళ్లెం చెప్తారు. తలా రెండు మూడు వందలకు మించదు. పళ్లెం మధ్యలోకి వస్తుంది, నాలుగు చేతులూ అందులోకే పోతాయి. వేరే విస్తరి లేదు, వేరే గ్లాసు పద్ధతి లేదు. టీ కొట్లలో రెండు గ్లాసుల ఆచారాన్ని ఎదిరించి పోరాడిన చరిత్ర మన పల్లెలది. సంఘ సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టినప్పుడు కూడా పంక్తి ఒకటే, విస్తళ్లు వేరు. ఎంగిలి పట్టింపు నరనరాన ఉన్న సమాజంలో, ఒక మాదిగ పిల్లగాడూ ఒక రెడ్డి పిల్లగాడూ ఒక ముస్లిం పిల్లగాడూ ఒకే పళ్లెంలో ఎముకను అటూ ఇటూ జరుపుకుంటూ తినడం చిన్న విషయం కాదు. "నువ్ తిన్రా భాయ్, నాకు నిండింది" అని మాంసం ముక్కను పక్కవాడి వైపు నెట్టడం నేను పెళ్లిళ్లలో చూడలేదు, ఇక్కడ చూశాను. ఇంటికి పోయాక వాళ్లు కులం మర్చిపోతారని నేను నమ్మను. పెళ్లి సంబంధం మాట వస్తే కథ వేరు. కాని ఆ గంటసేపు జరిగినది జరిగినట్టే. ఇంత పని చేసిన పళ్లాన్ని పట్టుకుని నీ వంశవృక్షం ఏమిటని అడగడం నాకు వెగటు.

"మరి మన తిండి సంగతి?" అని అడుగుతారు. మంచిదే, అడగాల్సిందే. ఏది మన తిండి? మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలవ నీళ్లు రాకముందు, చెరువు కింద పొలమున్న ఇళ్లు తప్ప ఈ మెట్ట పల్లెల్లో రోజూ వరన్నం తిన్నవాళ్లు తక్కువ. జొన్నరొట్టె, గట్క, అంబలి తిన్నారు. కాలవ వచ్చాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులు తరలివచ్చి భూములు కొన్నారు. బోధన్, వర్ని, కోటగిరి చుట్టూ క్యాంపుల పేరుతో వాళ్ల ఊళ్లు వెలిశాయి. వాళ్ల వెంట వాళ్ల ఊరగాయలూ, వాళ్ల పప్పూ వచ్చాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక ఎక్కడెక్కడి పనివాళ్లో చేరారు. సాలూర దాటితే మహారాష్ట్ర, బిలోలి. ఆ గట్టు మీది శెనగపిండి పిఠ్లా ఈ గట్టు మీదికి నడిచి వచ్చింది. ఇక ఇరానీ చాయ్ మీద పడే మనసు సంగతి సరేసరి. ఇంత కలిసిన నేలలో ఏ సంవత్సరం దగ్గర గీత గీసి, దీని ముందుది మనది, తర్వాతది పరాయిది అంటారు? 1931కి ముందు అంటే వరన్నం వదులుకోవాలి. ఆ త్యాగానికి సిద్ధపడే సంస్కృతీ రక్షకుణ్ని ఇంతవరకు నేను కలవలేదు.

జొన్నరొట్టె తగ్గిందన్నది నిజమే. దాన్ని తగ్గించింది మండి కాదు. రేషన్ బియ్యం, కాలవ, బోరు, మార్కెట్ ధర కలిసి తగ్గించాయి. ఆర్మూరు వైపు ఎర్రజొన్న ఇప్పటికీ పండుతుంది, కాని అది విత్తనంగా బయటికి పోతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు ధర కోసం పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేస్తే ఒక్క నిజామాబాద్ స్థానంలోనే 185 మంది అభ్యర్థులు నిలిచారు. తిండి గురించి ఈ జిల్లా పెట్టిన అతి పెద్ద కేక అదే. మండి వద్దని ఎవరూ నామినేషన్ వేయలేదు.

ఆరోగ్యం గురించి చెప్పేవాళ్ల మాట మాత్రం కొట్టిపారేయను. రంగు పొడులు, మళ్లీ మళ్లీ కాగిన నూనె, ఎండలో ఉన్న కోడి మాంసం నిజమైన భయాలే. మండి పక్కన పెట్టే మయోనైజ్ సంగతే చూడండి. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర ఏడాదిపాటు నిషేధించింది. సరైన పని. కాని ఆ నిషేధం గుడ్డు పచ్చిదా ఉడికిందా అని చూసింది, వంటకం ఏ దేశానిదని చూడలేదు. తనిఖీ అంటే అలా ఉండాలి. టిఫిన్ సెంటర్‌లో పల్లీ చట్నీకీ అదే తనిఖీ జరగాలి. అజినమోటో పేరు చెప్పి చైనీస్ బండిని తిట్టే బోధన్ మిత్రులకు ఒక చిన్న మాట: ఆ పొడిని తయారు చేసే పద్ధతుల్లో ఒకటి చెరకు మొలాసిస్‌ను పులియబెట్టడం. ఫ్యాక్టరీ రోజుల్లో ఊరంతా పీల్చిన వాసనకు అది దూరపు చుట్టం.

ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్తాను. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ మిల్లును 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తెరుస్తామన్న మాట వినిపిస్తుంది. చెరకు వేసిన రైతు దూరపు మిల్లులకు లారీలు మాట్లాడుకున్నాడు, చాలామంది వరికి మారిపోయారు. చెరకు పేరుతో బతికిన ఊళ్లో ఇవాళ చాయ్‌లో వేసే చక్కెర ఏ మిల్లుదో ఎవరికీ పట్టదు. ప్రపంచానికి చక్కెర అమ్మే దేశాల్లో ముందువరుసలో ఉన్నది మనం పుల్లలు అడిగి తినే కూర పుట్టిన ఆ థాయిలాండే. వాళ్ల చెరకు ప్రాంతం గానుగలు నడుపుతోంది, రోటి పచ్చడిని ప్రపంచానికి అమ్ముతోంది. మన చెరకు ప్రాంతం గానుగ మూసుకుని, మండి అసలుదా కాదా అని పంచాయితీ పెట్టుకుంది.

గల్ఫ్ బాట ఫ్యాక్టరీ మూతకన్నా పాతదే. అయినా ఆ మూత తర్వాత శక్కర్‌నగర్ చుట్టుపక్కల ఇంట్లో పెరిగిన పిల్లవాడికి పాస్‌పోర్టు ఇంకాస్త అవసరమైంది. అతను ఐదేళ్లకో పదేళ్లకో తిరిగొచ్చి, నేర్చుకున్న వంటతో దుకాణం పెడితే, గల్లా పెట్టె ముందు నిలబడి యెమెన్ ధ్రువపత్రం అడుగుతున్నాం. అడగదలచుకుంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. మాంసం ఉడికిందా, చేతులు కడుక్కునే తొట్టి శుభ్రంగా ఉందా, వెనక గిన్నెలు తోమే పిల్లగాడికి వయసెంత, వాడికి జీతం నెలనెలా అందుతోందా?