వేలిముద్ర వేసే చేతికి చదువు చెప్పాలంటే

2022లో మొదలైన ఉల్లాస్ పథకంలో 15 ఏళ్లు దాటినవాళ్లకు చదువు చెప్పేది వాలంటీర్లే, జీతం ఉండదు. అంతకుముందు సాక్షర భారత్‌లో ప్రేరక్‌కు నెలకు 2,000 రూపాయలుండేది. 2018లో అదీ పోయింది. డబ్బు సంగతి పక్కన పెడదాం (పెట్టకూడదు గానీ), శిక్షణ మాటేంటి? యాప్‌లో వీడియోలు చూస్తే సరిపోతుందా? కోయ మాట్లాడే అవ్వ ముందు ఒకటో తరగతి వాచకం పెడితే రెండోరోజు రాదు. ఆమెకు కావాల్సింది పోడు పట్టాలో తన పేరు, విస్తీర్ణం, హద్దులు చదువుకోవడం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఉందో లేదో ఆమే చూసుకోవాలి. పాఠం అక్కడ మొదలుపెట్టడమెలాగో మనకు నేర్పాలి, మన భాషలోనే, గౌరవ వేతనంతో. డిగ్రీ చేసి గూడెంలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇదే అర్జీ పెడదాం.