ఎత్తినవాడిదే తప్పా?

తెలియని నంబరు ఎత్తకండని పోలీసులు చెబుతుంటారు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే మనిషికి ఆ మాట చెప్పి చూడండి. తెలియని నంబరంటే ఆయనకు కొత్త బేరం. ఫలక్‌నుమాలో, కొడుకు గల్ఫ్‌లో ఉన్న తల్లికైతే ఎత్తితే గానీ అవతల ఎవరో తెలియదు. ఎత్తితే రికార్డు గొంతు: రెండు గంటల్లో మీ ఫోను కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి. పైగా తాను ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నానంటుంది. ఇలాంటి కాల్స్‌ను అదుపు చేయాల్సిన సంస్థ పేరే వాడుకుంటున్నారు, ఏం ధైర్యం!

హైదరాబాద్ పాతబస్తీకి ఇలాంటి కాల్స్ వెనకుండే సరంజామా కొత్త కాదు. 2020లో చాంద్రాయణగుట్టలో పోలీసులు ఓ దొంగ టెలిఫోన్ ఎక్స్ఛేంజిని పట్టుకున్నారు. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్ ఇలాంటి చోట బోలెడు సిమ్‌లు గుచ్చిన సిమ్ బాక్స్‌లో దూరి, లోకల్ సిమ్ నుంచి బయటపడుతుంది. మనకు కనిపించేది మామూలు పదంకెల నంబరే. భారతీయ నంబరు వేషంలో వచ్చే విదేశీ కాల్స్‌ను ఆపే వ్యవస్థను కేంద్రం 2024 అక్టోబరులో పెట్టింది. సిమ్ బాక్స్ కాల్ దానికి దొరకదు. అక్కడ వేషమేమీ లేదు, సిమ్ నిజంగా ఇక్కడిదే. అది ఎవరి ఆధార్ మీద పుట్టిందన్నదే అసలు ప్రశ్న. వేలిముద్ర సరిగా పడలేదని రెండోసారి పెట్టించుకుని ఇంకో సిమ్ తీసే దుకాణాలున్నాయి మరి. సిమ్ అమ్మేవాళ్లను రిజిస్టరు చేసి పోలీసు విచారణ జరపాలన్న నిబంధన 2023 డిసెంబరుకు గానీ రాలేదు.

రూల్స్ లేవనలేం. ట్రాయ్ 2025 ఫిబ్రవరి సవరణతో డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) జాబితాలో పేరు లేకున్నా స్పామ్ కాల్ మీద 1909కి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదుకున్న మూడు రోజుల గడువు ఏడయింది. పది రోజుల్లో ఒకరి మీద ఐదు ఫిర్యాదులొస్తే చర్య తీసుకోవాలి. టెలికాం కంపెనీకి మొదటిసారి 2 లక్షలు, తర్వాత 5, ఆపైన ప్రతిసారీ 10 లక్షల జరిమానా. అది కూడా స్పామ్ లెక్కలు తప్పుగా చూపినందుకు! కోట్ల మంది చందాదారులున్న కంపెనీకి పది లక్షలు ఏ మూలకు?

ఇలాంటి కాల్స్ మీద అమెరికా 1991లోనే చట్టం చేసింది. అక్రమ కాల్ ఒక్కోదానికి 500 డాలర్లు, కావాలని చేసినట్టు తేలితే 1,500 దాకా ఇప్పించమని ఎత్తినవాడే కోర్టుకెళ్లొచ్చు. అక్కడా కాల్స్ ఆగిపోలేదు, నిజమే. అయితే నష్టపోయినవాడి చేతిలో ఓ ఆయుధమైనా ఉంది. మన దగ్గర ఫిర్యాదు చేసినవాడికి దక్కేది ఒక రిఫరెన్స్ నంబరు.

జరిమానాను కాల్‌కు ఇంత అని కట్టి, ఆ కాల్‌ను మోసుకొచ్చిన కంపెనీ నుంచే వసూలు చేయాలి. సిమ్ బాక్స్ దొరికితే దానిలోని ఒక్కో సిమ్ ఏ దుకాణంలో యాక్టివేట్ అయిందో తేల్చి కేసు అక్కడిదాకా నడపాలి. 1909లో ఉర్దూలోనో తెలుగులోనో నోటితో చెబితే ఫిర్యాదు రాసుకోవాలి. వసూలైన జరిమానాలో వంద రూపాయలు ఫిర్యాదుదారుడికి రీఛార్జిగా వేసి చూడండి, షాలిబండలో 1909 తెలియని మనిషి ఉండడు.