సీజను ముగిసింది సరే... పికప్ బండి సంగతేమిటి?

తోతాపురి కాయ తోలడం అయిపోయిందంటే చిత్తూరు జిల్లా పల్లెల్లో పికప్ బండ్లు చింతచెట్టు కిందికో, కొట్టం పక్కకో చేరతాయి. మళ్లీ కాయ దిగేదాకా చాలామంది వాటి మొహం చూడరు. వాయిదాలు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. 2025 సీజనులో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించినా కాయ బండ్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరిన సంగతి మీకు తెలియంది కాదు. అలాంటి ఏడాది మీద ఇంజెక్టర్ల రిపేరు కూడా వచ్చిపడితే బండి సంపాదించింది బండికే పోతుంది.

నిలబెట్టే బండికి డీజిలు దండగని, కాటా ముల్లు కిందికి దిగాకే ఆపేసేవాళ్లు ఎక్కువ. అసలు దండగ అదే. ట్యాంకు నిండుగా కొట్టించి ఆపండి. ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ తేమ ట్యాంకు లోపలి గోడలకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. పైగా మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా బండి నిలిచి ఉండే రోజులే అవి. నీళ్లు డీజిలు కంటే బరువు గనుక అడుగున చేరతాయి. రెండూ కలిసే చోట బూజులాంటి జిగురు పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టిన మొదటి రోజే అదంతా ఫిల్టరుకు, పంపుకు ఎక్కుతుంది. పాతకాలపు పంపులు కొంత ఓర్చుకునేవి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 బండ్లలో ఇంజెక్టరు రంధ్రాలు వెంట్రుకంత సన్నం. అవి ఓర్చుకోవు. దొంగల భయం ఉంటే మూతకు తాళం వేయించండి, ట్యాంకు మాత్రం ఖాళీగా ఉంచకండి.

"వారానికోసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచుతున్నాం గదా" అని కొందరంటారు. అంతకన్నా చేయకపోవడమే మేలు. ఐదు నిమిషాల్లో డీజిల్ ఇంజను వేడెక్కదు. సైలెన్సర్లో, ఆయిల్లో నీటి చెమ్మ మిగులుతుంది. సెల్ఫ్ తిన్న కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి ఎక్కదు. తిప్పదలిస్తే పదిహేను ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద తోలండి. లేదంటే తాళం తీసి, కాసేపు ఆగి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి వదిలేయండి. నెలకోసారి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టిస్తే చాలు.

ఇంజనాయిలు మాత్రం ఆపే ముందే మార్చండి. వాడిన ఆయిల్లో మసి, ఆమ్లాలు చేరి ఉంటాయి. నెలల తరబడి బేరింగులు అందులో నానడం మంచిది కాదు. రేడియేటర్లో బోరు నీళ్లు పోసి ఉంటే తీయించి కూలెంటు పోయించండి. ఎరువు బస్తాలు తోలిన తొట్టిని కడగకుండా ఉంచితే ఇనుము తినేస్తుంది. పొటాష్ అంటే ఉప్పే గదా! కడిగి, ఆరబెట్టి, అప్పుడు నిలపండి. హ్యాండ్ బ్రేకు లాగి పెడితే షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. గేర్లో ఉంచి చక్రాలకు రాళ్లు అడ్డం పెడితే సరిపోతుంది. టైర్లలో గాలి నిండుగా ఉండాలి. బండి కింద గడ్డి, గింజలు ఉంటే ఎలుకలు వచ్చి వైర్లు కొరుకుతాయి.

డీఈఎఫ్ పోసే బండి ఉన్నవాళ్లకు ఒక మాట. అది యూరియా ద్రావణమే, ఎండకు చెడుతుంది, కాబట్టి బండిని నీడన నిలపండి. తగ్గింది కదా అని ఇంట్లోని వేపపూత యూరియా నీళ్లలో కలిపి పోశారో, ఆ ఖర్చు ముందు మామిడి ధర కూడా చిన్నదై కనిపిస్తుంది.

షోరూముల వాళ్లు వాయిదాల లెక్క గంటసేపు చెబుతారు, ఇవి చెప్పరు. బండి ఇచ్చే రోజే తెలుగులో ఒక కాగితం అచ్చేసి ఇస్తే వాళ్ల సొమ్మేం పోదు. అడిగి తీసుకోవడం మన హక్కు.

బండి ఇంటి దగ్గరే ఉందని ఇన్సూరెన్సు గడువు దాటనివ్వకండి. మూడు నెలల పన్ను కట్టే బండి అయితే, తిప్పడం లేదని ముందుగానే ఆర్టీవో ఆఫీసులో రాసివ్వాలి. తర్వాత చెబితే లాభం లేదు.

ఇక తిరిగి తీసే రోజు, సెల్ఫ్ కొట్టక ముందే డీజిల్ ఫిల్టరు అడుగు మర విప్పి, దిగిన నీళ్లు పారబోయండి.