గోడ మీది పోస్టర్ గ్యాలరీలోకి వెళ్తే

1972లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆర్ట్ మ్యూజియంలో చికానో కళాకారుల పనులు ఎందుకు లేవని హ్యారీ గంబోవా అనే యువకుడు అక్కడి క్యూరేటర్‌ను అడిగాడు. చికానోలు చేసేది జానపద కళ, లేదంటే ముఠాల గోడరాతలు, అసలు 'కళ' వాళ్లు చేయరు అన్నట్టుగా జవాబొచ్చిందని గంబోవా చెప్తాడు. ఎక్కడో విన్నట్టే ఉంది కదా? ఆ తర్వాత ఒక రాత్రి గంబోవా, గ్రాంక్, విల్లీ హెరాన్ కలిసి మ్యూజియం గోడ మీద స్ప్రే పెయింట్‌తో తమ పేర్లు రాశారు. మర్నాడు ఆ పేర్ల పైన ప్యాట్సీ వాల్దెజ్ నిలబడితే గంబోవా ఫోటో తీశాడు. కొద్ది గంటల్లోనే పేర్లు చెరిపేశారు. ఫోటో మిగిలింది. ఆ నలుగురి బృందం 'ఆస్కో' మీద అదే మ్యూజియం 2011లో పెద్ద ప్రదర్శన పెట్టింది. అంటే 39 ఏళ్లు పట్టింది.

'చికానో' అన్నది మొదట మెక్సికన్ మూలాలున్న పేదల్ని కించపరిచే మాట. 1960లలో యువత దాన్నే తలెత్తుకుని పెట్టుకుంది. పేరు చివర మాదిగ అని సగర్వంగా రాసుకున్న దండోరా తరాన్ని చూసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

2020 నవంబరులో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం 'ప్రింటింగ్ ద రెవల్యూషన్' పేరుతో 119 చికానో గ్రాఫిక్స్‌ను ప్రదర్శించింది. వీటి మూలం పొలాల్లో ఉంది. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మెకు దిగారు. మొదట పని ఆపింది ఫిలిప్పీనో కూలీలు (ఈ సంగతి తరచూ మరుగున పడుతుంది), వారం తర్వాత సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్తాల సంఘం కలిసింది. ఊరేగింపుకూ ద్రాక్ష బహిష్కరణకూ చౌకగా, వేగంగా అచ్చయ్యే బొమ్మలు కావాల్సి వచ్చాయి.

ప్రదర్శనలో మనం ఎక్కువసేపు ఆగాల్సింది ఎస్టర్ హెర్నాండెజ్ 1982లో చేసిన 'సన్ మ్యాడ్' దగ్గర. ఆమెది వ్యవసాయ కూలీల కుటుంబం. ఎండుద్రాక్ష పెట్టె మీద ద్రాక్షబుట్టతో నవ్వే ఎర్రటోపీ అమ్మాయి అమెరికాలో ప్రతి ఇంటికీ తెలుసు. హెర్నాండెజ్ ఆ అమ్మాయిని అస్థిపంజరం చేసింది. టోపీ అదే, బుట్ట అదే. కింద పురుగుమందుల, కలుపుమందుల రకాలు. సొంతూరి నీళ్లలో ఆ మందులు కలిశాయని తెలిశాక పుట్టిన బొమ్మ ఇది. కంపెనీ సొంత ప్రకటననే దాని మీదికి తిప్పింది. వాదన అక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది.

ఊరేగింపులో పట్టుకోవడానికి చేసిన బొమ్మను అద్దం వెనక బిగిస్తే దాని పదును పోదా? కొంత పోతుంది. అయినా మ్యూజియం లోపల చోటు కోసం కొట్లాడటం వృథా అనే వాదనతో మేము ఏకీభవించం. లాటినోలను స్మిత్సోనియన్ కావాలనే నిర్లక్ష్యం చేసిందని ఆ సంస్థే నియమించిన బృందం 1994లో తేల్చింది. ఇవాళ ఆ బొమ్మల్లో అత్యధికం మ్యూజియం సొంత సేకరణ. అరువు తెచ్చినవి ప్రదర్శన ముగిశాక వెనక్కి వెళ్తాయి, సేకరణలోవి మిగులుతాయి.

గోడ మీద ఏది వేలాడాలన్నది మాత్రం మళ్లీ అధికారం చేతిలోకి వెళ్తోంది. 2025 మార్చిలో ట్రంప్ స్మిత్సోనియన్ మీద ఉత్తర్వు ఇచ్చాడు. ఆగస్టులో వైట్‌హౌస్ తప్పుబట్టిన వాటి జాబితాలో, సరిహద్దు గోడ దాటుతున్న శరణార్థి కుటుంబాన్ని రిగోబెర్తో గొంజాలెజ్ గీసిన చిత్రం కూడా ఉంది. 2020లో అమెరికన్ కాంగ్రెస్ ఆమోదించిన లాటినో జాతీయ మ్యూజియానికి అప్పటికీ సొంత భవనం లేదు.

ఇంకో సంగతి. ఆ ద్రాక్షతోటల లోయలోనే ఉన్న ఫ్రెస్నో నగరం 2023 సెప్టెంబరులో కులవివక్షను నిషేధించింది. అదే తీర్మానంలో ఆదివాసీ మూలాల మీద వివక్షనూ చేర్చింది. మెక్సికో నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు తోటి మెక్సికన్ల చేతుల్లోనూ చిన్నచూపుకు గురవుతారు. అజ్‌టెక్ వీరుల్ని గర్వంగా గీసిన చికానో కళ ఈ లోపలి నిచ్చెన గురించి చాలాకాలం తక్కువే మాట్లాడింది.

అచ్చుబొమ్మకున్న బలం దాని ప్రతుల్లో ఉంది. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్, శాక్రమెంటోలోని రాయల్ చికానో ఎయిర్ ఫోర్స్ బృందాలు ఒక్కో బొమ్మను పదుల కొద్దీ తీశాయి. వాటి సేకరణలు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. విద్యార్థులు ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు.