సంతకమునకు సాక్ష్యము

2021వ సంవత్సరము శరత్కాలమున ప్రధానమంత్రికి వచ్చిన కానుకలను కేంద్ర ప్రభుత్వము వేలము వేసినది. టోక్యో ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచిన లవ్లీనా బోర్గోహైన్ గ్లవుజులు అందులో 91 లక్షల రూపాయలు పలికినవి. పారాలింపిక్సు క్రీడాకారులు సంతకములు చేసిన అంగవస్త్ర మొకటి కోటి రూపాయలకు పోయినది. ఆ సొమ్ము గంగానదీ ప్రక్షాళన కార్యక్రమమునకు ఉద్దేశింపబడినది. మరుసటి యేడు బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము సాధించిన మన నిజామాబాదు ముష్టియోధురాలు నిఖత్ జరీన్, తోటి బాక్సర్లందరు సంతకములు చేసిన గ్లవుజులను ప్రధానికి బహూకరించినది.

అంగడిలో కొన్నిచో వేలకు లోపుగానే దొరకు తోలు తొడుగునకు లక్షల వెల యెట్లు కలుగుచున్నది? ఈ ప్రశ్న ధనవంతులకు మాత్రమే సంబంధించినది కాదు. అభిమానవీరుని సంతకము కొరకు చేతిఖర్చు కూడబెట్టుకొను విద్యార్థికి ఇది మరింత అవసరమైనది. మోసపోయినచో నష్టము ధనముతో ఆగక, నమ్మకమును గూడ తాకును.

వస్తువు విలువను మూడు విషయములు నిర్ణయించును: అది ఎవరిది, ఏ ఘట్టమునకు చెందినది, ఆ మాటకు సాక్ష్యమేమి. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి కాసియస్ క్లే ప్రపంచవీరుడైన పోటీలో ధరించిన గ్లవుజులు 2014లో 8,36,500 డాలర్లు పలికినవి. ఆ క్లేయే పిమ్మట మహమ్మదాలీ అయినాడు. ఆయన మతప్రచారపు కరపత్రములపై వేలకొలదిగా సంతకములు చేసి పంచిపెట్టినాడు. అవియు ఆయన చేతివ్రాతలే. కాని విరివిగా లభించును గనుక వాని వెల ఎంతో తక్కువ. మహనీయుని సంతకమైనంత మాత్రమున ప్రతి కాగితమును నిధి కాజాలదు.

ఆలీ 1980లో మద్రాసుకు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీలో పాల్గొన్నాడు. తిరుపతికి, చిత్తూరుకు మద్రాసు పొరుగూరు వంటిది. ఆనాడు సంపాదించిన సంతకమని నేడెవరైన ఒక గ్లవుజును చూపినచో దానిని వెంటనే నమ్మనక్కరలేదు, తోసిపుచ్చనక్కరలేదు. నాటి టిక్కెట్టు కలదా? ఛాయాచిత్రము కలదా? వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? ఆ గ్లవుజు 1980 నాటికి తయారైనదేనా? అందుపై క్లే అను పేరున్నచో, 1964లోనే ఆ పేరు విడిచినవాడు 1980లో దానినేల వ్రాసెను? 1984లో ఆయనకు పార్కిన్సన్ లక్షణములు నిర్ధారణయైనవి. తరువాత చేతివ్రాత క్రమముగా సన్నగిల్లినది. కనుక తేదీకి వ్రాతకు పొత్తు కుదరవలెను.

ఇట్టి పరీక్ష మన సీమకు క్రొత్త గాదు. తిరుమల శాసనములను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితులు అనుసరించిన మార్గమిదియే. శాసనము తన్ను తాను ఏమని చెప్పుకొన్నను, లిపి, భాష, రాజుల పేర్లు, కాలగణన ఒకదానికొకటి సరిపడునా యని చూడవలసినదే. సంతకమునకు సిరాయే శిల. షార్పీ అను గుర్తుకలము 1964లో వెలువడినది; 1946లో మరణించిన జాక్ జాన్సన్ సంతకము దానితో వ్రాసి యున్నచో ఇక విచారణ యక్కరలేదు. స్వహస్తమున గీత వేగముగా సాగును. అనుకరించువాని గీత జంకుచు, ఆగుచు, వణకుచు నడచును. ఒకే మనుష్యుని రెండు సంతకములు అణుమాత్రము భేదములేక యున్నచో అది యంత్రమో, రబ్బరుముద్రయో యని శంకింపవలెను.

ధ్రువపత్రమున్నది గదా యని కొందరందురు. 1990ల దశకమున అమెరికా ఎఫ్‌.బి.ఐ. ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేర దర్యాప్తు జరిపి, క్రీడాకారుల దొంగసంతకములు చేయు ముఠాను పట్టుకొన్నది. సంతకముతోపాటు ధ్రువపత్రమును గూడ వారే సృష్టించిరి. వ్రాత అబద్ధమైనప్పుడు, దానికి హామీయిచ్చు కాగితము నిజమగుటకు ఆధారమేమి? పత్రము కంటె పత్రమిచ్చిన వాని యోగ్యత ముఖ్యము.

సాక్ష్యముగల వ్రాతకు నిదర్శనము మదనపల్లెలోనే కలదు. 1919లో రవీంద్రనాథ టాగూరు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చి, ‘జనగణమన’ను ఆంగ్లమునకు అనువదించి స్వహస్తముతో వ్రాసి, సంతకము చేసి, ఫిబ్రవరి 28 అని తేదీ వేసినాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఆ గీతమునకు స్వరలిపి కూర్చిన ఆయన భార్య మార్గరెట్టు ఆ ఘట్టమునకు సాక్షులు. వ్యక్తి, స్థలము, తేదీ, సాక్షి యను నాలుగును ఒకచోట కూడినవి. అందుచేతనే ఆ పుటకు చరిత్రలో స్థానము లభించినది.

ఈ పాఠమును పాఠశాలలలో సులభముగా ఆచరింపవచ్చును. జిల్లా స్థాయి పోటీలకు వచ్చిన క్రీడాకారుని సంతకము తీసికొన్న బాలుడు ప్రక్కనే తేదీని, ఊరును, సందర్భమును వ్రాసికొనవలెను. ఎండ తగులని, చెమ్మ చేరని తావున దానిని దాచవలెను. సిరా వెలిసినదని పైన మరల దిద్దరాదు. దిద్దిన క్షణమున అది ఆ వీరుని వ్రాత కాకుండ పోవును. ఆ బాలుడు నాడు సేకరించినది పేరు మాత్రమే కాదు, ఆ పేరునకు సాక్ష్యము గూడ. వెల తరువాతి మాట.