జీవశాస్త్రానికి ద్వారం ఒక్కటేనా?

ఇంటర్మీడియెట్‌లో బై.పి.సి. ఎందుకు తీసుకొన్నారని అడిగితే మన విద్యార్థులు సాధారణముగా చెప్పు సమాధానము 'డాక్టరు కావటానికి' అనియే. మెడికల్ సీటు రాకపోయిన మరుసటి సంవత్సరమే వారిలో పలువురు జీవశాస్త్రమునకు స్వస్తి చెప్పి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలోను, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోను ఉద్యోగ పరీక్షల పుస్తకములతో కనిపించుచున్నారు. ఉద్యోగ ప్రయత్నము తప్పు కాదు. ఇంటి బాధ్యతలు కాదనరానివి. అయితే సీటుతోపాటు శాస్త్రము కూడ చేజారినదని భావించుట సరికాదని మా అభిప్రాయము.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ జీవితమే ఇందుకు తార్కాణము. 1896లో బొంబాయిలో జన్మించి, పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ ఇంట పెరిగినారు. బాల్యమున ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడపై పసుపు మచ్చ చూచి, అదేమి పక్షియో తెలిసికొనుటకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళినారు. కార్యదర్శి మిల్లార్డ్ ఆ బాలుని కసరక, పక్షుల నమూనాల బీరువాలు తెరచి చూపినారు. 1913లో సలీం అలీ మెట్రిక్యులేషన్ అతి కష్టముమీద గట్టెక్కినారు. బర్మాలో కుటుంబ వ్యాపారము కలసిరాలేదు. వాణిజ్య విద్య చదువుచునే, ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహముతో సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్ర పాఠములు విన్నారు. డిగ్రీ లేనందున జువలాజికల్ సర్వేలో ఉద్యోగము దక్కలేదు. 1926లో మ్యూజియములో గైడ్ లెక్చరరుగా చేరి, సెలవుపై బెర్లిన్ వెళ్ళి స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొందినారు. 1930లో తిరిగి వచ్చుసరికి ఆ ఉద్యోగమే రద్దయినది.

అప్పుడు ఆయన కిహిం అను సముద్రతీర గ్రామము చేరి గిజిగాని గూళ్ళను పరిశీలించినారు. మగపక్షి గూడు సగము అల్లి నిలుపుననియు, ఆడపక్షి మెచ్చిన పిదపనే పూర్తి చేయుననియు వివరముగా వ్రాసినారు. ఆ పిమ్మట జీతము వద్దు, ఖర్చులిచ్చిన చాలునని సంస్థానములకు తెలిపినారు. ఆ విధముగా 1931లో మన హైదరాబాద్ సంస్థాన పక్షి సర్వే ఆరంభమైనది.

దీనిని చదివి డిగ్రీ అనవసరమని ఎవరును తలపరాదు. డిగ్రీ లేమి ఆయనకు ఎంత నష్టము కలిగించెనో చూచితిమి. నేడు అది లేనిదే పరిశోధనాలయపు గడప తొక్కలేము. ఆయనకు లోపించినది పట్టా మాత్రమే, శిక్షణ కాదు. పట్టా పొందియు ఒక్క పక్షినైనను పరిశీలించని మన స్థితి అంతకంటె శోచనీయము. సీటు రానివారికి బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. మార్గమున్నది. రసాయనశాస్త్రము వారికి సైతము దారి మూసివేయబడలేదు. ఈ నగరముననే 1977లో సి.సి.ఎం.బి.ని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ డాక్టరేటు పొందినది రసాయనశాస్త్రములోనే.

సలీం అలీకి ఆదుకొను బంధువర్గముండెను. మన విద్యార్థులలో అనేకులకు ఆ అండ లేదు. కావున కళాశాల కమిటీవారికి మా మనవి: రెండు బైనాక్యులర్లు, 1941లో సలీం అలీ ప్రచురించిన భారతీయ పక్షుల గ్రంథము ప్రతులు కొన్ని, ప్రతి విద్యార్థికి ఒక నోటుపుస్తకము సమకూర్చవలెను. ఆదివారము ఉదయము ఇందిరా పార్కుకు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళు బాధ్యత అధ్యాపకులము మేము స్వీకరింతుము. ఏ పిల్లవాడు ఏ ప్రశ్నతో వచ్చినను, మిల్లార్డ్ వలె బీరువా తెరచి చూపుట మన అందరి విధి.